టెండరు రేటు వేయడంలో అపోహలు – వాస్తవాలు

అపోహ: ఎస్టిమేటు డిపార్ట్‌మెంటు ఇంజనీర్లే వేశారు. మనం ఎంత లెస్ (ఎస్టిమేటు మీద ఎంత శాతం తక్కువ) వేయాలో చూసుకుంటే చాలు.

ప్రభుత్వ పనులకు కాంట్రాక్టరుగా కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్ళు ఎక్కువగా మునిగేది ఇక్కడే. మన ఎస్‌ఎస్‌ఆర్‌లో (ప్రభుత్వం ఇచ్చే ప్రామాణిక రేట్ల పట్టికలో) బిల్డింగ్ పనుల రేట్లకు ఓవర్‌హెడ్లు (పని నడిపే పైఖర్చులు), కాంట్రాక్టరు లాభం కలిపి 13.615 శాతం వేస్తారు. అంటే కోటి రూపాయల పనిలో అసలు ఖర్చుగా కట్టింది దాదాపు 88 లక్షలు. పోటీ ఎక్కువుందని 12 శాతం లెస్ వేస్తే లాభం పోవడమే కాదు, సూపర్‌వైజర్ జీతం, వాచ్‌మన్ జీతం కూడా మీ జేబులోంచే. 25 శాతం లెస్ దాటితే ఇంకో బరువుంది. 2003 నాటి జీవో 94 ప్రకారం, ఎస్టిమేటు విలువలో 75 శాతానికీ మీ టెండరుకూ ఉన్న తేడాను అదనపు సెక్యూరిటీగా కట్టాలి. కోటి పనికి 30 లెస్ వేస్తే 5 లక్షలు.

లెస్ ఎంతో తేల్చుకునే ముందు లీడ్ స్టేట్‌మెంటు (ఏ మెటీరియల్ ఎక్కడినుంచి, ఎంత దూరం నుంచి తేవాలో చూపే పట్టిక) చేతిలో పెట్టుకుని సైటుకు వెళ్ళండి. అందులో చూపిన క్వారీ నడుస్తోందా? వానాకాలంలో ఇసుక ఎక్కడినుంచి తెస్తారు? ఊళ్ళో సందులోకి టిప్పర్ దూరుతుందా, లేక రోడ్డు మీద దింపి ట్రాక్టరుతో మళ్ళీ తోలాలా? పునాదుల్లో నీళ్ళూరితే మోటారు ఖర్చు ఏ ఐటెంలో ఉంది? ఈ నాలుగింటికీ జవాబు లేకుండా వేసిన రేటును నేను రేటు అనను.

ఎం20 కాంక్రీటునే తీసుకోండి, 1:1.5:3 పాళ్ళలో. ఒక ఘనమీటరుకు పొడి మెటీరియల్ 1.54 ఘనమీటర్లు కావాలి: సిమెంటు 8 బస్తాలు, ఇసుక 0.42, కంకర 0.84. బస్తాకు 20 రూపాయలు పెరిగితే ఘనమీటరుకు 160 పోతుంది. ఇసుకలో నాలుగైదు శాతం తడి ఉంటేనే పాతిక శాతం దాకా ఉబ్బుతుంది, కాబట్టి లారీ కొలతను నమ్మి ట్రిప్పులు లెక్కేయకండి.

అపోహ: పది శాతం లాభం కావాలంటే ఖర్చు మీద పది కలిపితే సరి.

ఖర్చు 90 లక్షలైతే అలా వచ్చేది 99. బిల్లులో మీ లాభం 9.09 శాతమే. బిల్లు మీద పది మిగలాలంటే ఖర్చును 0.9తో భాగించాలి, అప్పుడే కోటి వస్తుంది.

అపోహ: బిల్లు లేటయినా డబ్బెక్కడికీ పోదు.

40 లక్షలు ఆరు నెలలు ఆగితే, నూటికి రెండు రూపాయల వడ్డీకి 4 లక్షల 80 వేలు పోయినట్టే. కోటి పనిలో దాదాపు ఐదు శాతం! పైగా ఎఫ్‌ఎస్‌డీ (ఫర్దర్ సెక్యూరిటీ డిపాజిట్) కింద బిల్లుల్లో పట్టుకున్న డబ్బు వెంటనే చేతికి రాదు. ఆ వడ్డీని రేటులోనే వేసుకోండి, దాచుకోవాల్సిన ఖర్చేమీ కాదది.

అపోహ: ప్రైవేటు ఇళ్ళకైతే చదరపు అడుగు రేటు చెబితే చాలు.

ఏ ఏరియాకు, గోడలతో కలిపిన కొలతకా, లోపలి కొలతకా? బాల్కనీ పూర్తిగానా, సగమా? సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, బేస్‌మెంటు ఫిల్లింగు ఆ రేటులో ఉన్నాయా? వీటన్నిటినీ విడివిడిగా రాసి, ఓనరు చేత సంతకం పెట్టించుకున్నాకే అడ్వాన్సు తీసుకోండి.