పదిన్నర స్లాటులో పుట్టిన కోడలు

తులసి మళ్లీ వచ్చింది, ఆవిడతో పాటే పాత గొడవా వచ్చింది. ఆవిడ కథానాయికగా ఉన్న హిందీ సీరియల్ 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' రెండో విడత 2025 జూలై 29న స్టార్ ప్లస్‌లో మొదలైనప్పటి నుంచీ ఒకటే వాదన. ఈవిడ ఆడవాళ్లకు నోరిచ్చిందా, ఉన్న నోరు కుట్టేసిందా? అదే ఛానెల్‌లో అరగంట ముందు 'అనుపమా' వస్తుంది. అక్కడా మధ్యవయసు ఇల్లాలే కథానాయిక. మొదటి స్థానం కోసం ఈ రెంటికీ పోటీ ఉంది కాబట్టి ఎవరు గొప్ప ఇల్లాలు అన్న కొట్లాట కూడా తోడైంది. మధ్యలో కొరియన్ డ్రామాలు చూసే పిల్లలు "అక్కడ హీరోయిన్లని ఎలా రాస్తారో చూసి నేర్చుకోండి" అంటున్నారు.

ఈ కథని దూరదర్శన్ తొలినాటి సీరియల్ 'హమ్ లోగ్'తో మొదలుపెట్టడం ఆనవాయితీ. గ్యాస్ సిలిండర్ కోసం పోట్లాడిన 'రజని', ఐపీఎస్ అయిన 'ఉడాన్' అమ్మాయి, ఆ తర్వాత 'క్యోంకీ' నిర్మాత ఏక్తా కపూర్ వచ్చి అందరికీ పట్టుచీరలు కట్టించి వంటింట్లోకి పంపేయడం. ఇది అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. పైగా ఒక మనిషి అభిరుచి మీదకు అంతా నెట్టేసే ఆ లెక్క నాకు నచ్చదు. మారింది వారంలో ఎన్ని రోజులు కథ చెప్పాలన్న లెక్క. మిగతావన్నీ దాని వెంట వచ్చినవే.

2000 జూలై 3, సోమవారం. తొమ్మిదింటికి అమితాబ్ బచ్చన్ 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలుపెట్టిన రాత్రి. అదే రాత్రి పదిన్నరకు తులసి అత్తవారైన విరానీల ఇంటి తలుపులు తెరుచుకున్నాయి. అప్పటిదాకా రాత్రిపూట పేరు తెచ్చుకున్న సీరియళ్లు చాలావరకు వారానికోసారి వచ్చేవి. నీనా గుప్తా తనే రాసి, తీసి, నటించిన 'సాన్స్' కూడా అంతే. భర్త ఇంకొకరి దగ్గరకు వెళ్లిపోతే ఇల్లాలు ఏం చేయాలన్నది దాని కథ. ఈ ప్రశ్నతోనే పాతికేళ్ల తర్వాత తులసీ అనుపమా కుస్తీ పడుతున్నారు. కాకపోతే 'సాన్స్' రాసేవాళ్లకి ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ మధ్య వారం గడువు ఉండేది. చూసేవాళ్లకీ ఆలోచించుకోవడానికి అంతే సమయం.

తులసి వచ్చింది సోమవారం నుంచి గురువారం దాకా, వారానికి నాలుగు రాత్రులు. రాసేవాడి వైపు నుంచి చూడండి. నాలుగు ఎపిసోడ్లకు నాలుగు ముగింపులు కావాలి. ప్రతిదీ రేపు రాత్రికి జనాన్ని లాక్కొచ్చేదిగా ఉండాలి. అంటే ఏ చిక్కూ విడిపోకూడదు. కథానాయిక నేరుగా వెళ్లి "ఇది నిజమా?" అని అడిగేస్తే ట్రాక్, అంటే ఆ కథాపాయ, మూడో రోజుకే ముగుస్తుంది. అందుకే ఆమెకు తెలిసినా చెప్పకూడదు. చెప్పబోతే ఎవరో పిలవాలి. చెప్పేసినా ఎవరూ నమ్మకూడదు. ఇలా ఏళ్ల తరబడి నోరు మూసుకునే మనిషిని జనం తెలివితక్కువది అనుకోకుండా ఉండాలంటే ఆ మౌనానికి ఒక పెద్ద పేరు పెట్టాలి. త్యాగం, ఇంటి పరువు, ఓర్పు. పేర్లు మన ఇళ్లలో సిద్ధంగానే ఉన్నాయి, వెతుక్కోవాల్సిన పని పడలేదు.

డైలీలు, అంటే రోజూ వచ్చే సీరియళ్లు, అంతకు ముందు లేవా అంటే ఉన్నాయి. 1994లో దూరదర్శన్‌లో మధ్యాహ్నాలు వచ్చిన 'శాంతి' డైలీయే, మందిరా బేడీ అందులో జర్నలిస్టు. కానీ శాంతికి ఒక పని ఉంది, తన తల్లికి అన్యాయం చేసినవాళ్లని బయటపెట్టడం. పని ఉన్న కథ ఎంత సాగినా ఒక దారిలో సాగుతుంది. తులసికి అప్పగించింది ఇల్లు. ఇంటి పని ఎప్పటికీ తెమలదని ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది.

మొదట్లోనే జరిగిన ఇంకో సంగతి ఈ పద్ధతికి ముద్ర వేసింది. తులసి భర్త మిహిర్‌ని కథలో చంపేశారు. జనం గగ్గోలు పెట్టారు. మిహిర్ తిరిగొచ్చాడు. చావును కూడా వెనక్కి తీసుకోవచ్చని తేలిపోయాక ఇక కథలో దేనికీ ముగింపు ఉండక్కర్లేదు. నటులు మారారు, కథ ఒక్కసారిగా ఇరవై ఏళ్లు ముందుకు దూకింది, తులసి అత్తయింది, నానమ్మయింది. 2008 నవంబరు 6న ఆపేనాటికి 1,833 ఎపిసోడ్లు.

నిర్మాతల వైపు వాదన కూడా చెప్పాలి. తులసి కన్నకొడుకు అంశ్‌ని తుపాకీతో కాల్చింది, అలాంటి మనిషిని అణిగిమణిగి ఉండేదని ఎలా అంటారన్నది వాళ్ల మాట. నిజమే, కాల్చింది. ఒక మాట చెప్పడానికి నెలలు పట్టే మనిషికి తుపాకీ పేల్చడం మాత్రం ఎలా కుదిరిందంటే, మాట ట్రాక్‌ని ముగిస్తుంది, తుపాకీ ఇంకో ట్రాక్‌ని పుట్టిస్తుంది. వాళ్ల దగ్గర ఇంతకంటే గట్టి ఆధారం ఇంకోటి ఉంది. 2009లో రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం ప్రచురించారు. బిహార్, గోవా, హర్యానా, తమిళనాడు, ఢిల్లీల్లో 2001 నుంచి 2003 దాకా సేకరించిన వివరాలతో చేసింది. కేబుల్ టీవీ వచ్చిన పల్లెల్లో భార్యను కొట్టడం తప్పు కాదనే ఆడవాళ్లు తగ్గారని, ఇంటి నిర్ణయాల్లో వాళ్ల మాట పెరిగిందని తేల్చారు. కొట్టిపారేయగల సంగతి కాదిది. కాకపోతే వాళ్లు లెక్కగట్టింది కేబుల్ రావడాన్ని. తులసి ఒక్కర్తే ఆ పని చేసిందని వాళ్లు అనలేదు. ఊరు దాటని మనిషికి పట్నం ఇళ్లు, ఉద్యోగాలు చేసే ఆడవాళ్లు కనబడ్డారు. చూసింది కథనా, కథ వెనక కనిపించే ఇంటినా అన్నది తేలాలి.

తెలుగులో ఇదే సంగతి ఇంకాస్త తేటగా కనబడుతుంది. 2019లో బెంగాలీలో 'శ్రీమయి' వచ్చింది, రాసింది లీనా గంగోపాధ్యాయ్. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసే ఇల్లాలు, ఆఫీసులో ఇంకో స్త్రీతో తిరిగే భర్త. ఈ కథే హిందీలో అనుపమ, తమిళంలో భాగ్యలక్ష్మి అయింది. మన దగ్గర 2020లో స్టార్ మాలో 'ఇంటింటి గృహలక్ష్మి' అయి, కస్తూరి వేసిన ఆ పాత్రకు తులసి అనే పేరు పెట్టారు. కావాలని పెట్టారో అలా కుదిరిందో! ప్రతి భాషలోనూ మెచ్చుకున్నది ఒక్కటే, ఎట్టకేలకు ఆమె ఎదురు తిరిగిందని. అనుపమ విడాకులు తీసుకుంది, అనుజ్‌ని పెళ్లాడింది. పాత అత్తింటి పంచాయితీలు మాత్రం వదల్లేదు. డైలీలో విడాకులు కూడా ఒక ట్రాకే.

వంటలక్క సంగతి వేరు అంటారు. మలయాళం 'కరుత్తముత్తు' నుంచి వచ్చిన 'కార్తీక దీపం' 2017లో మొదలై ఐదేళ్లకు పైగా నడిచింది. పుట్టబోయే బిడ్డ తనది కాదని భర్త డాక్టర్ బాబు అనుమానిస్తే దీప, అంటే వంటలక్క, ఇల్లు వదిలి, వంటలు చేసుకుని పిల్లని పెంచింది. ఆమెని చూసి గర్వపడినవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. "ఒక్క డీఎన్ఏ టెస్టుతో సీరియల్ అయిపోయేది" అని నవ్వినవాళ్లూ ఉన్నారు. దీప పాత్రలో తెలివైన పనితనం అక్కడే ఉంది. నమ్మని మనిషికి రుజువులు చూపించడం ఆమె ఆత్మాభిమానం ఒప్పుకోదు. విరానీ కోడలిని త్యాగం ఆపితే వంటలక్కని ఆత్మగౌరవం ఆపింది. అయిన పని మాత్రం ఒక్కటే, నిజం రేపటికి వాయిదా పడటం.

కొరియాని చూసి నేర్చుకోమనే పిల్లలకి ఒక మాట. 2005లో అక్కడ ఊగించేసిన 'మై లవ్లీ సామ్ సూన్' నాయిక కేకులు చేసే మనిషి. ముప్ఫై దగ్గర పడింది, లావు, నోటి దురుసు. ఆ పాత్ర అంత నిక్కచ్చిగా ఉండటానికి వీలైంది, కథ 16 ఎపిసోడ్లలో అయిపోతుందని రాసేవాళ్లకి ముందే తెలుసు కాబట్టి. అదే కొరియాలో 2008లో వచ్చిన డైలీ 'టెంప్టేషన్ ఆఫ్ వైఫ్' చూడండి, 129 ఎపిసోడ్లు. మోసపోయిన భార్య కంటి దగ్గర ఒక పుట్టుమచ్చ పెట్టుకుని పగ తీర్చుకోవడానికి తిరిగొస్తుంది, కట్టుకున్న మొగుడు కూడా పోల్చుకోలేడు! మన సీరియల్‌లో ఇదే జరిగితే మీమ్స్‌కి కరువుండేది కాదు.

ఈసారి తులసిని మార్చామని నిర్మాతలు చెబుతున్నారు. ఒక ఎపిసోడ్‌లో బిల్ గేట్స్ వీడియో కాల్‌లో తల్లీబిడ్డల ఆరోగ్యం గురించి మాట్లాడాడు కూడా. 1,833 దగ్గర ఆగిన అంకెని 2,000కి చేర్చాలన్న మాట మొదట్లో వినిపించింది. స్లాటు మాత్రం మారలేదు, అదే పదిన్నర. అందరికీ మూలమైన బెంగాలీ శ్రీమయి 2021 డిసెంబరులోనే సెలవు తీసుకుంది. తెలుగు తులసి 2024 జనవరిలో వెళ్లిపోయింది. 2020లో మొదలైన అనుపమ మాత్రం ఆ తర్వాత కూడా రాత్రి పదింటికి వస్తూనే ఉంది.