శివనసముద్రంలో దూకాల్సిన కావేరి ఎటు పోతోంది

మార్చి, ఏప్రిల్‌లో బెంగళూరు నుంచి శివనసముద్రం, అంటే కర్ణాటకలో కావేరి మీదున్న జలపాతం, చూడ్డానికి వెళ్లొచ్చిన మనవాళ్లు చెప్పే మాట ఒకటే, "బండలు తప్ప ఏం లేవన్నా, పెట్రోల్ దండగ." పోనీ జులై, ఆగస్టులో వెళ్దామా అంటే నీళ్లు బ్రహ్మాండంగా ఉంటాయి కానీ వరద ఎక్కువైతే కిందకి దిగనివ్వరు, దూరం నుంచి చూసి వచ్చేయాలి. నీళ్లు లేనప్పుడు తెరిచిపెట్టి ఉన్నప్పుడు మూసేస్తారేంటి అని చిరాకేస్తుంది. కానీ రెండిటికీ మూలం ఒకటే, అక్కడ కావేరి తన ఇష్టానికి పారడం మానేసి వందేళ్లు దాటింది.

కరెంటు లెక్క సింపులే, నీళ్లు ఎన్ని, ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయి, అంతే. సెకనుకి ఒక ఘనపు మీటరు, అంటే వెయ్యి లీటర్లు, వంద మీటర్లు కిందకి పడితే అందులో దాదాపు 980 కిలోవాట్ల శక్తి ఉంటుంది. మామూలుగా ఆ ఎత్తు కోసం పెద్ద డ్యామ్ కట్టాలి, ఇక్కడ నదే ఇచ్చేసింది. అందుకే మైసూరు సంస్థానం వాళ్లు 1902లోనే ఇక్కడ పవర్ హౌస్ నడిపించారు. జలపాతానికి పైన నదికి అడ్డంగా ఒక చిన్న కట్ట, అక్కడి నుంచి కాలువ, కాలువ చివర ఇనప పైపులు, వాటి కింద టర్బైన్లు. అంటే గగనచుక్కిలో, శివనసముద్రంలోని రెండు జలపాతాల్లో ఒకదాంట్లో, దూకాల్సిన నీళ్లే పక్కదారిలో పైపుల్లోంచి దిగిపోతాయి. ఎండాకాలంలో నదిలో ఉండేదే కొంచెం, దాన్ని కాలువ తీసుకున్నాక మనకి మిగిలేది బండ.

ఆ కరెంటు ముందు వెళ్లింది బెంగళూరుకి కాదు, దాదాపు 147 కిలోమీటర్ల అవతల కోలార్ బంగారు గనులకి, చిత్తూరు వైపు నుంచి వలస వెళ్లిన ఎంతోమంది మనవాళ్లు చెమటోడ్చిన గనులవి. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905లో. అయితే ఎండాకాలంలో నది తగ్గితే గనులకి కరెంటు చాలేది కాదు, పైన నీళ్లు నిలవ చేసుకుని ఏడాదంతా వదలాలి అన్నారు, మైసూరు దగ్గర కావేరి మీద కేఆర్ఎస్ (కృష్ణరాజ సాగర) డ్యామ్ పని 1911లో మొదలవడానికి సాగునీటితో పాటు ఇదీ ఒక పెద్ద కారణం.

ఇక మూసేయడం సంగతి. వానకి పెరిగే నది కాస్త కాస్తగా పెరుగుతుంది, రంగు మారుతుంది, పుల్లలు చెత్త కొట్టుకొస్తాయి, చూసేవాడికి అర్థమవుతుంది. గేట్లు ఎత్తితే అలా కాదు. కేఆర్ఎస్, కావేరి ఉపనది మీదున్న కబిని డ్యామ్ రెండూ నిండి నీళ్లు వదిలితే కొన్ని గంటలకి అవి శివనసముద్రం చేరతాయి, అక్కడ ఆకాశంలో ఒక్క మబ్బు లేకపోయినా సరే. ఎండలో పొడి బండ మీద నిలబడి ఫొటో తీసుకుంటున్న కుర్రాడికి పైన గేటు ఎత్తారని ఎలా తెలుస్తుంది? బండ మీద పాచి ఒక్కసారి తడిస్తే కాలు నిలవదు. ఆ బారికేడ్ దాటకండి, దయచేసి.

కరెంటు ఒక్కటే కాదు, బెంగళూరులో మన కుళాయిలో వచ్చే కావేరి నీళ్లు కూడా ఈ జలపాతం దగ్గర నుంచే మళ్లుతాయి. 2024 అక్టోబరులో బెంగళూరు కావేరి నీటి పథకం ఐదో దశ మొదలయ్యాక మొత్తం సామర్థ్యం రోజుకి దాదాపు 220 కోట్ల లీటర్లు, సెకనుకి చూస్తే 25 ఘనపు మీటర్లు. మారతహళ్లిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసిన ఎవరికైనా దాని విలువ తెలుసు, నేను దాన్ని తప్పు పట్టను. కానీ ఆ నీళ్లని వంద కిలోమీటర్లు, పైపుల్లో రాపిడి కూడా కలుపుకుంటే దాదాపు 500 మీటర్లు ఎత్తినంత పని చేసి తేవాలి, పూర్తిగా నడిస్తే దానికి వంద మెగావాట్లు దాటుతుంది. పక్కనే ఉన్న శివనసముద్రం పవర్ హౌస్ మొత్తం సామర్థ్యం 42 మెగావాట్లు!

అందుకే ఎండాకాలంలో కూడా సెకనుకి ఒక రెండు ఘనపు మీటర్లు గగనచుక్కికి వదిలేయాలని నా గట్టి అభిప్రాయం. చూడ్డానికి వచ్చేవాళ్ల కోసమనే కాదు, ఆ తుంపర మీదే బతికే నాచు, మొక్కలు, కింద మడుగుల్లో చేపలు ఉన్నాయి కదా. దానివల్ల తగ్గే కరెంటు రెండు మెగావాట్లు అటూఇటూ, మన నీళ్ల పంపులు తాగేదానితో పోలిస్తే అదెంత?