శబ్దం పెరిగితే బలం పెరిగినట్టేనా?

ప్రియమైన పిల్లలూ,

బండికి కొత్త సైలెన్సర్ బిగిస్తే ఇంజిన్ బలం పెరుగుతుందా అని అడిగారు. పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. ఎందుకో తెలియాలంటే గొట్టంలో ఏం జరుగుతుందో చూడాలి.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే వేడి వాయువులు గొట్టంలోకి దూకుతాయి. వాటితోపాటు ఒక పీడన తరంగం పరుగు తీస్తుంది. గొట్టం వెడల్పయ్యే చోటికి చేరాక అది అల్పపీడన తరంగంగా మారి వాల్వ్ దగ్గరికి తిరిగి వస్తుంది. సరిగ్గా అప్పుడే పొగను వదిలేదీ, పెట్రోలూ గాలీ కలిసిన కొత్త మిశ్రమాన్ని లోపలికి తెచ్చేదీ, రెండు వాల్వ్‌లూ కాస్త తెరిచి ఉన్నాయా, మిగిలిన పొగను అది బయటికి లాగేసి కొత్త మిశ్రమానికి దారి ఇస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేని వట్టి గొట్టం ఇంజిన్‌కు ఊపిరి తీసుకోవడంలో సాయపడుతోందంటే ఎప్పుడు తలచుకున్నా నాకు అబ్బురమే!

అయితే తరంగం వెళ్లి రావడానికి పట్టే సమయం గొట్టం పొడవును బట్టి ఉంటుంది. ఆర్‌పీఎం అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు. పొట్టి గొట్టం ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర, పొడవాటిది తక్కువ ఆర్‌పీఎం దగ్గర మేలు చేస్తుంది. గొట్టం మరీ లావైతే వాయువుల వేగం పడిపోయి, నిదానంగా వెళ్లేటప్పుడు బండి లాగదు. పందెం బండికి కుదిరినది రోజూ నడిపే బండికి కుదరకపోవడం ఇందుకే. పొగకు అడ్డు ఉంటేనే బలం వస్తుందని కొందరు చెబుతారు, నమ్మకండి.

గొట్టం చివరి డబ్బా, అంటే సైలెన్సర్ ఒక్కటే మారిస్తే బలంలో తేడా సాధారణంగా స్వల్పమే. బరువు తగ్గితే మాత్రం అది నిజమైన లాభం. గొట్టం మొత్తం మారిస్తే ఇంజిన్ పీల్చే గాలి లెక్క కూడా మారుతుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. గాలి పెరిగి, దానికి తగ్గట్టు పెట్రోలు పెరగకపోతే యాక్సిలరేటర్ తిప్పగానే బండి తడబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. కార్బురేటర్ బండికి జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న ముక్క) మార్చాలి, ఇంజెక్షన్ బండికి ఈసీయూలో, అంటే పెట్రోలు ఎంత వేయాలో నిర్ణయించే చిన్న కంప్యూటర్‌లో, లెక్క సరిచేయించాలి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే టపటప పేలుళ్లను బలానికి గుర్తుగా మురిసిపోకండి. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి వేడి గొట్టంలో అంటుకుంటోందని దాని అర్థం. ముందు జాయింట్ దగ్గర గాలి లీకవుతోందేమో చూడండి.

క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాత్రం తీసేయవద్దు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును బయటికి రాకముందే చాలావరకు మార్చేసేది అదే. శబ్దం సంగతీ అంతే. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని శక్తి 10 రెట్లవుతుంది. దాన్ని భరించాల్సింది మీ చెవులూ, ఇరుగుపొరుగు పసిపిల్లలూ.

కొనే ముందు డైనో గ్రాఫ్ అడగండి, అంటే ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత బలం వస్తుందో యంత్రంపై కొలిచి గీసిన గీత. గరిష్ఠ అంకె చూసి మోసపోకుండా, మీరు రోజూ నడిపే ఆర్‌పీఎం దగ్గర పాత గీత కంటే కొత్త గీత పైన ఉందో కింద ఉందో చూడండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య