అన్న వీడియోలో విన్న పాట

బుజ్జీ, చిన్నూ,

మొన్న అన్న పోలాండ్ నుంచి వీడియో పెట్టాడు కదా, యూనివర్సిటీ మొదటి రోజు గౌన్లేసుకున్న ప్రొఫెసర్లంతా లేచి నిలబడితే కాయిర్ వాళ్ళు పాడుతున్నది, అది వాళ్ళ జాతీయ గీతమా తాతయ్యా అని అడిగారు, కాదర్రా. జాతీయ గీతం వేరే ఉంది, ఇది దానికంటే ఐదొందల ఏళ్ళకి పైగా పాతది. పేరు గౌదే మాతెర్ పొలోనియా, లాటిన్, ఓ పోలాండ్ తల్లీ ఆనందించు అని.

రాసినాయన విన్‌త్సెంటీ, 1200 ప్రాంతంలో పుట్టాడు, ఊరు కియెల్చా. మన ఇంటిపేర్లలో ఊళ్ళ పేర్లున్నట్టే ఆయన్నీ కియెల్చా విన్‌త్సెంటీ అనే అంటారు. క్రాకోవ్ అనే ఊళ్ళో బిషప్ దగ్గర ఫాదర్‌గా చేసి తర్వాత డొమినికన్ సన్యాసుల్లో కలిసిపోయాడు. పోలాండ్ వాళ్ళలో పేరు తెలిసిన మొదటి పాటల రచయిత ఈయనేనంటారు, అంతకుముందు ఎవరూ పాట కట్టలేదని కాదు, పేరు రాసిపెట్టినవాళ్ళు లేరు, అంతే.

ఇక కథ. 1079లో బోలెస్వాఫ్ రాజు స్తానిస్వాఫ్ అనే బిషప్‌ని చంపించాడు. ఒళ్ళు ముక్కలు చేసి పారేస్తే గద్దలొచ్చి కాపలా కాశాయట, ముక్కలన్నీ మళ్ళీ అతుక్కున్నాయట. నమ్మమని చెప్పట్లేదు, విన్‌త్సెంటీ దాన్ని ఎలా వాడుకున్నాడో చూడండి. అప్పటికి పోలాండ్ కూడా ముక్కలే, 1138లో ఇంకో బోలెస్వాఫ్ అనే పాలకుడు పోతూ రాజ్యాన్ని కొడుకులకి పంచేశాడు, ఇక అన్నదమ్ముల పంపకాలు ఎట్లా ఉంటాయో మీకు నేను చెప్పాలా! అది చాలదన్నట్టు 1241లో మంగోలులు వచ్చి క్రాకోవ్‌ని తగలబెట్టారు. 1253లో ఇటలీలోని అస్సీసీలో పోప్ ఆ బిషప్‌ని సెయింట్‌గా ప్రకటించాడు, మరుసటి ఏడు క్రాకోవ్‌లో పెద్ద పండగ. విన్‌త్సెంటీ ఆ బిషప్ జీవిత చరిత్ర రాస్తూ ఏమన్నాడంటే, ఆయన ఒళ్ళు అతుక్కున్నట్టే ఈ రాజ్యమూ ఒకరోజు అతుక్కుంటుందని. ఒక చచ్చిపోయినాయన కథలోనే ఆ మాట చెప్పేశాడు, నాకైతే ఆ తెలివి భలే నచ్చింది.

పాట కూడా ఆ సెయింట్ పండగ కోసమే. మన గుళ్ళల్లో సుప్రభాతం నుంచి ఏకాంత సేవ దాకా ఉంటాయే, అలా రోజంతా చర్చిలో పాడే ప్రార్థనలన్నీ ఒక సెట్‌గా కట్టాడు, అందులో ఇదొకటి. బాణీ మాత్రం కొత్తది కాదు, అప్పటికే చర్చిల్లో ఉన్న పాత వరసకి మాటలు కట్టాడని పండితులంటారు, మన భజనల్లో చేసే పనే. అప్పట్లో అందరూ ఒకే వరసలో పాడేవాళ్ళు, ఇప్పుడు కాయిర్‌లు ఎక్కువగా నాలుగు గొంతుల్లో పాడేది 19వ శతాబ్దంలో క్లోనోవ్‌స్కీ అనే ఆయన అమర్చింది.

1320లో రాజ్యం చాలావరకు ఒక్కటై, అదే క్రాకోవ్‌లో, ఆ సెయింట్ సమాధి ఉన్న వావెల్ కొండమీది చర్చిలోనే కొత్త రాజుకి కిరీటం పెట్టారు. విన్‌త్సెంటీ అప్పటికి లేడు.

అన్న ఆ చర్చికి ఎప్పుడైనా వెళ్తే సమాధి ఫొటో తీసి పంపమనండి, పాట కూడా ఈసారి కాస్త దగ్గరనుంచి రికార్డ్ చేయమనండి, మొన్నటి దాంట్లో కుర్చీల చప్పుడే ఎక్కువ వినపడింది.

మీ తాతయ్య