పీహెచ్‌డీ తర్వాత మూడేళ్లు

ఐఐటీలో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ ఒక్కటే చాలదు. దాని తర్వాత కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. ఫిజిక్స్‌లోనో కంప్యూటేషనల్ కెమిస్ట్రీలోనో థీసిస్ ఇచ్చేసిన మన పిల్లలు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) వేటలో పడేది ఎక్కువగా ఇందుకే. ఇంట్లోవాళ్లకు ఇదంతా ఓ పట్టాన అర్థం కాదు. డాక్టరేట్ వచ్చాక ఇంకా చదువేమిటంటారు.

ఈ పద్ధతికి వందేళ్లు దాటాయి. 1919లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సొమ్ముతో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ భౌతిక, రసాయన శాస్త్రాల్లో ఫెలోషిప్‌లు మొదలుపెట్టింది. కుర్రవాళ్ల మీద పాఠాలు చెప్పే భారం పడకుండా, వాళ్లను పరిశోధన చేసుకోనివ్వాలన్నది ఉద్దేశం. భౌతిక శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ 1927లో హార్వర్డ్‌లోనూ ఆ తర్వాత కాల్‌టెక్‌లోనూ పనిచేసింది ఈ ఫెలోషిప్ మీదే.

మన దేశంలో కథ వేరుగా మొదలైంది. జీవరసాయన శాస్త్రవేత్త హరగోవింద్ ఖొరానా జ్యూరిక్‌లో పోస్ట్‌డాక్ ముగించుకుని 1949లో తిరిగొస్తే ఇక్కడ ఉద్యోగం దొరకలేదు. మళ్లీ ఇంగ్లండ్ వెళ్లిపోయారు. 1968లో ఆయనకు నోబెల్ వచ్చేనాటికి అమెరికా పౌరుడు. ఇలాంటివాళ్ల కోసమే 1958లో కేంద్ర ప్రభుత్వ పరిశోధనా మండలి సీఎస్‌ఐఆర్ 'సైంటిస్ట్స్ పూల్' వచ్చింది. విదేశాల్లో చదివి వచ్చినవాళ్లను శాశ్వత ఉద్యోగం దొరికేదాకా 'పూల్ ఆఫీసర్లు'గా ఎక్కడో ఒకచోట సర్దేవారు. మంచి పనే. కానీ అమెరికాలో పరిశోధన కోసం కేటాయించిన కాలం, ఇక్కడ పుట్టుకతోనే వెయిటింగ్ రూమ్ అయింది. ఆ వాసన ఇంకా పోలేదనే నా అభిప్రాయం.

ఇక్కడే పీహెచ్‌డీ చేసినవాళ్లకు పెద్ద ఎత్తున దారి తెరిచింది పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్బ్ వారి నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్. మొదట్లో నెలకు 55 వేలు, ఇంటి అద్దె అదనం. జనరల్ అభ్యర్థులకు వయసు 35 దాటకూడదు. 2023 చట్టంతో సెర్బ్ వెళ్లి ఏఎన్‌ఆర్‌ఎఫ్ (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్)లో కలిసింది.

కంప్యూటర్ మీద లెక్కలు చేసేవాళ్లకు ఊరు మారాల్సిన అవసరం నిజానికి తగ్గింది. 1991 నుంచి ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ భాండాగారంలో పరిశోధన పేపర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. 2015లో 4,500 కోట్లతో ఆమోదించిన నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌కు 'పరమ్ సేవ' సూపర్‌కంప్యూటర్ వచ్చింది. అలాంటి యంత్రంలో అకౌంట్ ఉంటే సంగారెడ్డి జిల్లాలో కూర్చుని కూడా సిమ్యులేషన్ నడపొచ్చు. అయినా బయోడేటాలో ఒక విదేశీ సంస్థ పేరు కోసం చూసే కళ్లు మారలేదు.

ఇంకో చిక్కుంది. ఆ జాతీయ ఫెలోషిప్ గడువు రెండేళ్లే, పోస్టుకు అడిగేది మూడేళ్లు. మిగిలిన ఏడాది కోసం చాలామంది ఏదో ఒక ప్రాజెక్టులో రీసెర్చ్ అసోసియేట్‌గా చేరతారు. ఆ ప్రాజెక్టులో డబ్బున్నంత కాలమే ఆ ఉద్యోగం.