నల్లరేగడి మీద సైకిల్: అపోహలు - వాస్తవాలు

శనివారం ఉదయం. ఎండ బాగా కాస్తోంది. గురువారం పడిన వాన సంగతి అందరూ మరిచిపోయారు, ట్రైల్ (సైకిళ్ళు తొక్కే మట్టిబాట) మొదట్లో ఉన్న ‘మూసి ఉంది’ బోర్డు తప్ప. కారు మీద సైకిల్ కట్టుకుని ముప్ఫై మైళ్ళు వచ్చిన ఒక తెలుగు అబ్బాయి ఆ బోర్డునూ నన్నూ మార్చి మార్చి చూసి, “నేలంతా ఆరిపోయింది కదా అక్కా” అన్నాడు. వంగి, బొటనవేలితో పైపొర గీకి, గుప్పెడు మట్టి తీసి అతని చేతిలో పెట్టాను. పైన పొడి, లోపల ముద్ద.

అమెరికాలో, టెక్సస్‌లోని డాలస్ చుట్టుపక్కల మౌంటెన్ బైకులు తొక్కేవాళ్ళకు డోర్బా అనే క్లబ్ ఉంది. 1988లో పుట్టింది. నగరాల పార్కుల్లో, సరస్సుల ఒడ్డున ఉన్న ట్రైళ్ళను సభ్యులే జీతం లేకుండా చూసుకుంటారు. కొండలు లేని ఊళ్ళో కొండ సైకిల్ ఏమిటని నవ్వకండి, వాగు గట్లే మాకు కొండలు. ఆరేళ్ళుగా పారతో ఆ పని చేస్తున్నాను కాబట్టి రోజూ వినే మాటలకు ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: పైన ఆరితే చాలు, తొక్కవచ్చు.

మెకిన్నీలోని ఎర్విన్ పార్క్ వంటి చోట్ల ఉన్నది అచ్చమైన నల్లరేగడి. మా నాన్న గుంటూరు వైపు నలభై ఏళ్ళు పత్తి పండించారు. ఇక్కడికి వచ్చినప్పుడు ఒక చిటికెడు మట్టి తీసుకుని వేళ్ళ మధ్య నలిపి రిబ్బనులా సాగదీశారు. వేలెడు పొడుగయ్యేదాకా తెగలేదు. “ఇది మన రేగడేనమ్మా. పదునుకు రాకుండా ఇందులో ఎడ్లను కూడా దించం” అన్నారు. పదునంటే దున్నడానికి సరిపోయేంత తడి, ఎక్కువా కాదు, తక్కువా కాదు. అప్పటిదాకా నేను ఇంగ్లీషులో పేజీలకు పేజీలు చదివి నేర్చుకున్నదంతా ఆ ఒక్క ‘పదును’లో ఉంది.

ఈ మట్టి నీటిని పట్టుకుంటే వదలదు. తడిలో టైరు దిగితే రెండంగుళాల గాడి పడుతుంది. ఎండకు ఆ గాడి ఇటుకలా గట్టిపడుతుంది. తర్వాతి వానకు నీరు బాట దాటి పోకుండా ఆ గాడి పట్టుకుని కిందికి పరుగెడుతుంది, పోతూ పోతూ ఇంకా లోతు చేస్తుంది. ఒక్కడు పది నిమిషాలు తొక్కిన దానికి మాలో నలుగురికి ఒక పూట పని. తొక్కినవాడికీ సుఖం ఉండదు. మట్టి చక్రానికీ ఫ్రేముకూ మధ్య కూరుకుపోయి, చక్రం తిరగడం మానేస్తుంది.

అదే వాన పడినా గ్రేప్‌వైన్ సరస్సు ఉత్తరపు గట్టున ఇసుక పాలు ఎక్కువ కాబట్టి ఆ ట్రైల్ ముందే తెరుచుకుంటుంది. అది తెరిచారని ఇక్కడికి రావడం పొరపాటు. జనవరిలో ఇంకో తిరకాసు ఉంది: తెల్లవారుజామున నేల గడ్డకట్టి రాయిలా ఉంటుంది, పది గంటలకల్లా కరిగి పేస్టవుతుంది. వాన పడకపోయినా అప్పుడు మూస్తాం.

అపోహ: నడిచేవాళ్ళకన్నా సైకిళ్ళే బాటను పాడుచేస్తాయి.

మొంటానా కొండబాటల మీద 1994లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చక్రాలకన్నా గుర్రపు గిట్టలూ మనుషుల కాళ్ళే మట్టిని ఎక్కువగా కదిలించాయని తేలింది. మావాళ్ళు ఈ మాట పట్టుకుని కాలరెగరేస్తుంటారు. నాకది నచ్చదు. కాలు వేసే ముద్ర గుంట, అందులో నీరు నిలుస్తుంది. చక్రం వేసేది గీత, అందులో నీరు పారుతుంది. మలుపులో వెనక చక్రం బిగబట్టి జారించేవాడు ఏ అధ్యయనం చాటునా దాక్కోలేడు.

అపోహ: నీటి గుంటను తప్పించి పక్కనుంచి పోతే బాటకు మేలు.

పక్కనుంచి పోతే పక్కన ఇంకో గుంట. ఏడాదికి రెండడుగుల బాట ఆరడుగులవుతుంది. గుంట ఒక్కటే ఉంటే మధ్యలోంచి పోండి, బట్టలు ఉతుక్కోవచ్చు. గుంటలు వరసగా ఉంటే వెనక్కి తిరగండి.

అపోహ: నిలువుగా దిగేదే అసలైన ట్రైల్.

నిలువుగా దిగేది కాలువ. వాలు వెంట నీరు పోతుంది, పోనివ్వాలి. బాట దానికి అడ్డంగా సాగాలి. మేం పాటించే లెక్క ఇది: గట్టు వాలు 20 శాతం ఉంటే దాని మీద బాట ఏటవాలు 10 శాతం దాటకూడదు, అంటే గట్టు వాలులో సగం. దాటితే నీటికి బాటే దగ్గరి దారి అవుతుంది. వాలును చెక్కి అరుగులా చేస్తాం, ఆ అరుగు కూడా దిగువ వైపుకు 5 శాతం ఒరగాలి. దిగే బాట అక్కడక్కడ కాస్త ఎక్కి మళ్ళీ దిగాలి, అప్పుడు నీరు ఆ పల్లంలోంచి పక్కకు జారిపోతుంది. తొక్కేవాళ్ళు ఆ ఎత్తుపల్లాలను తమ సరదా కోసం పెట్టామనుకుని మెచ్చుకుంటారు. కాదని నేనెప్పుడూ చెప్పలేదు.

అపోహ: బెల్ కొడితే ఎదుటివాళ్ళే తప్పుకోవాలి.

ఉమ్మడి బాటలో నడిచేవాళ్ళకూ గుర్రాలకూ దారి ఇవ్వాల్సింది సైకిలే. సైకిళ్ళ మధ్య అయితే, దిగేవారు ఎక్కేవారికి ఇవ్వాలి. గుర్రం ఎదురైతే దిగి, వాలులో దిగువ వైపు నిలబడి, గుర్రం మీద ఉన్నవారితో మామూలుగా మాట్లాడండి. హెల్మెట్‌తో వంగి నిశ్శబ్దంగా దూసుకొచ్చే ఆకారం గుర్రానికి పులిలాంటిదే. గొంతు వింటే మనిషని తెలుస్తుంది.

అపోహ: మమ్మల్ని ఆపి మీరు మాత్రం లోపల తిరుగుతారు.

తిరుగుతాం, నడిచి. నీరు ఎక్కడ నిలిచిందో వాన వెలిశాకే కనిపిస్తుంది. పైగా ఎండిన మట్టిని ఎంత కొట్టినా దుమ్మే రేగుతుంది. కాస్త తేమ ఉన్నప్పుడే అణుగుతుంది.

ఆ అబ్బాయిదీ ఇదే ప్రశ్న. ఒక మెక్‌లౌడ్ చేతికిచ్చాను. ఒకవైపు దంతె పళ్ళు, ఇంకోవైపు వెడల్పాటి పార అంచు ఉండే పనిముట్టు అది, అడవి మంటలు ఆపేవాళ్ళ కోసం పుట్టింది. నిలబెట్టి కొడితే దిమ్మిసలా కూడా పనికొస్తుంది. పల్లంలో పేరుకున్న ఒండ్రు లాగడానికి మా ఇద్దరికీ రెండు గంటలు పట్టింది. సైకిల్ కారు మీదనుంచి దిగనే లేదు. బూట్ల మట్టిని పుల్లతో గీకుతూ, మళ్ళీ పనికి ఎప్పుడు రమ్మంటారని అడుగుతాడేమో అనుకున్నాను. తెరిచేదెప్పుడని అడిగాడు.

“మంగళవారం. మళ్ళీ వాన పడకపోతే” అన్నాను.