నురగ కనబడని నీటిలో

బట్టల జిడ్డు వదిలించిన డిటర్జెంటు కాలువలోకి చేరాక తన పని మానుకోదు. దానిలో అసలు పని చేసే సర్ఫాక్టెంటు అణువుకు నీటిని కోరే తల ఒకటి, కొవ్వును పట్టుకునే తోక ఒకటి ఉంటాయి. ఆ కొవ్వు చొక్కా కాలరు మీదిదా, చేప మొప్పలోనిదా అన్న విచక్షణ ఆ తోకకు లేదు. జీవకణాల పొరలు కూడా చాలావరకు కొవ్వు పదార్థాలతోనే ఏర్పడతాయి కనుక, మురికిని వదిలించే గుణమే జలచరాలకు ముప్పుగా మారుతోంది.

మొప్పను దగ్గరగా చూస్తే దువ్వెన పళ్లలా పేర్చినట్టున్న ఎర్రని పోగులు, వాటి మీద అతి పలుచని రేకులు, ఆ రేకులపై జిగురు పూత కనిపిస్తాయి. సర్ఫాక్టెంటు తగిలినప్పుడు రేకుల పైకణాలు ఉబ్బి ఊడిపోతాయి, చేప తనను కాపాడుకోవడానికి జిగురును మరింతగా స్రవిస్తుంది. అలా మందం పెరిగినకొద్దీ ఆక్సిజన్ రక్తాన్ని చేరడానికి దాటవలసిన దూరం పెరిగి, నీటిలో ఆక్సిజన్ ఉన్నా చేపకు ఊపిరాడదు. విరివిగా వాడే లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్ అనే సర్ఫాక్టెంటు లీటరు నీటిలో కొన్ని మిల్లీగ్రాములు ఉంటే చాలు, అనేక చేపజాతులకు ప్రాణాంతకం. నీటి మీద పరుగెత్తే సన్నకాళ్ల పురుగులదీ ఇలాంటి అవస్థే: వాటిని మోసే తలతన్యత (నీటి పైపొర బిగువు) తగ్గి, కాళ్ల నూగు తడిసి, అవి మునిగిపోతాయి.

1950లలో తోకకు కొమ్మలున్న సర్ఫాక్టెంట్లను బ్యాక్టీరియా సులువుగా విడగొట్టలేకపోవడంతో నదుల మీద నురగ గుట్టలుగా పేరుకుంది. అలా విడిపోని సర్ఫాక్టెంట్లకు అడ్డుకట్ట వేస్తూ పశ్చిమ జర్మనీ 1961లో చట్టం చేసింది. 1960ల మధ్యకల్లా పరిశ్రమ తిన్నని తోకలున్న అణువులకు మళ్లింది, నురగా తగ్గింది. అయితే ఈ కొత్త అణువులు ఆక్సిజన్ ఉన్న నీటిలో త్వరగానే విచ్ఛిన్నమైనా, ఆక్సిజన్ అందని అడుగు బురదలో చాలాకాలం నిలిచిపోగలవు. పైగా విచ్ఛిన్నం కావడమంటే విషం విరగడం అని ప్రతిసారీ అనుకోవడానికి వీల్లేదు. నోనైల్‌ఫినాల్ ఎథాక్సిలేట్లు అనే మరో రకం విరిగినప్పుడు మిగిలే నోనైల్‌ఫినాల్ అసలు పదార్థం కన్నా విషపూరితమైనది. అది ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోనును అనుకరించి, గుడ్డు సొనకు కావలసిన ప్రొటీను మగచేపల్లో కూడా తయారయ్యేలా చేస్తుంది.

నీటి కాఠిన్యాన్ని తగ్గించడానికి డిటర్జెంట్లలో కలిపే ఫాస్ఫేట్ల సంగతి వేరు. అవి విషం కావు, ఎరువు. 1973లో కెనడా శాస్త్రవేత్తలు ప్రయోగాలకు వాడే 226వ నంబరు సరస్సును తెరతో రెండుగా విభజించి, రెండు వైపులా కార్బన్, నత్రజని వేశారు, ఒక వైపు మాత్రం ఫాస్ఫేట్లలో ఉండే భాస్వరాన్ని కూడా కలిపారు. కొన్ని వారాల్లోనే ఆ వైపు నీరు నాచుతో పచ్చబడింది. అలాంటి నాచు చచ్చి అడుగుకు చేరితే, దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా అక్కడి ఆక్సిజన్‌ను హరిస్తుంది. ఆక్సిజన్ తరిగిన బురదలో ఇనుముతో బంధించబడి ఉన్న ఫాస్ఫేట్ విడివడి మళ్లీ నీటిలోకి వస్తుంది. అందుకే డిటర్జెంట్లలో ఫాస్ఫేట్‌ను నిషేధించాక కూడా కొన్ని సరస్సులు ఏళ్ల తరబడి పచ్చగానే ఉండిపోతాయి.